మళ్లీ విప్పే చేతి కోసం

కారుతో పాటు వచ్చిన కంపెనీ స్టీరియో పదేళ్లకు మూగబోతుంది. కొత్తది కొనడం ఒక పూట పని. పాతది బయటికి తీయడమే అసలు పని. ఆ పెట్టెని డ్యాష్‌బోర్డు లోపల పట్టుకున్నది ఏమిటి? ఎవరు అలా బిగించారు, ఎందుకు బిగించారు? మొండికేసిన ఒక స్టీరియో వెనక తొంభై ఏళ్ల చరిత్ర ఉంది. మన వస్తువు మీద మన హక్కు ఎంతవరకు అన్న ప్రశ్న కూడా ఉంది.

స్టీరియో అంగుళం మేర ముందుకొచ్చి ఆగిపోయింది.

విజయవాడ ఆటోనగర్‌లో చిన్న రేకుల షెడ్డు. ఆదివారం పొద్దున తొమ్మిదికే ఉక్కపోత మొదలైంది. మా కారు ముందు తలుపులు రెండూ బార్లా తెరిచి ఉన్నాయి. ఏసీ గాలి వచ్చే జాలీలు, వాటి చుట్టూ ఉండే ప్లాస్టిక్ ప్యానెల్, కింద చిల్లర వేసుకునే అర అన్నీ ఊడదీసి, వెనక సీటు మీద దుప్పటి పరిచి, ఏ వరసలో తీశాడో ఆ వరసలోనే పేర్చాడు మెకానిక్. స్టీరియోకి ఉన్న నాలుగు స్క్రూలూ అడుగున అయస్కాంతం అతికించిన గిన్నెలో ఉన్నాయి. లెక్క ప్రకారం ఇక చేతిలోకి రావాలి. ఎడమ పక్క వస్తోంది, కుడి పక్క కదలడం లేదు.

"కాస్త గట్టిగా లాగి చూద్దామా బాబాయ్?" అన్నాను.

ఆయన అప్పటిదాకా పట్టుకున్న స్టీరియోని కూడా వదిలేశాడు. "లాగితే వచ్చేదైతే ఈపాటికి వచ్చేది బాబూ. ఇంకా ఏదో పట్టుకుని ఉంది. ముందు అదేంటో చూడాలి."

ఆ స్టీరియో మా ఇంట్లోకి కారుతో పాటే పన్నెండేళ్ల కిందట వచ్చింది. మొదట తెర మీద అక్షరాలు మసకబారాయి. తర్వాత ఎండాకాలంలో తనంతట తానే ఆగి మళ్లీ మొదలవడం అలవాటైంది. రెండేళ్ల కిందట ఒక సీడీని మింగి తిరిగి ఇవ్వడం మానేసింది. ఆ సీడీలో మా అమ్మమ్మ పాడిన మంగళహారతులు ఉన్నాయి. ఎప్పుడో టేప్‌రికార్డర్‌లో పట్టిన పాటల్ని మా మామయ్య ఒక షాపులో సీడీకి ఎక్కించి, మీద కాగితం అంటించి, అమ్మకి ఇచ్చాడు. ఆ తర్వాత అసలు టేపు బూజు పట్టి పోయింది. రెండో కాపీ లేదు. ఆ రోజు బయల్దేరుతుంటే గుమ్మం దాకా వచ్చి అమ్మ ఒక్కటే చెప్పింది. "స్టీరియో పోతే పోనీ. సీడీ మాత్రం జాగ్రత్తరా."

కాబట్టి లాగడానికి లేదు. తెలుసుకుని విప్పాలి.

పట్టులు నాలుగు రకాలు

లోపల గొళ్లెం పెట్టిన తలుపుని ఎంత తోసినా రాదు. గట్టిగా తోస్తే చట్రం ఊడుతుంది. కారు స్టీరియో కూడా అంతే. దాన్ని పట్టుకునే గొళ్లాలు ప్రధానంగా నాలుగు రకాలు.

మొదటిది స్ప్రింగు క్లిప్పులది. యూరప్ పద్ధతి స్టీరియోల ముఖం మీద రెండు పక్కలా సన్నని రంధ్రాలు కనిపిస్తాయి. స్టీరియో పక్కల ఉండే స్ప్రింగులు చుట్టూ ఉన్న రేకు చట్రంలోకి దిగి కూర్చుంటాయి. యు ఆకారంలో ఉండే రెండు పుల్లల్ని ఆ రంధ్రాల్లోకి తోస్తే లోపలి స్ప్రింగులు నొక్కుకుపోతాయి. 'టక్' మన్నాక రెండు పుల్లల్నీ కొద్దిగా పక్కలకి వంచి, సమానంగా లాగితే పెట్టె జారి వస్తుంది. పుల్లలు లేవని సైకిలు పుల్లలతోనో మేకులతోనో ప్రయత్నిస్తే ఒక పక్క వదిలి, రెండో పక్క పట్టుకుంటుంది. పెట్టె ఏటవాలుగా ఇరుక్కుంటుంది.

రెండోది రేకు చట్రానిది. షాపులో కొని బిగించిన స్టీరియోలకి ఇది ఎక్కువ. ముందు చట్రాన్ని డ్యాష్‌బోర్డు గూట్లో పెట్టి, దాని అంచున ఉన్న చిన్న నాలుకల్ని స్క్రూడ్రైవరుతో బయటికి వంచుతారు. చట్రం కూడా తీయాలంటే ఆ నాలుకల్ని ఒక్కొక్కటే మళ్లీ లోపలికి వంచాలి. ఒక్కటి మరిచిపోయినా ప్లాస్టిక్ చీలుతుంది.

మూడోది పక్క పట్టీలది. జపాన్, కొరియా కార్లలోనూ, వాటి పద్ధతిలో మన దగ్గర తయారైన కార్లలోనూ స్టీరియోకి రెండు పక్కలా ఇనుప పట్టీలు ఉంటాయి. వాటిని నాలుగు స్క్రూలు డ్యాష్‌బోర్డుకి పట్టిస్తాయి. ఆ స్క్రూల మీద అలంకార ప్యానెల్ క్లిప్పులతో కూర్చుంటుంది. బయటి నుంచి చూస్తే ఒక్క స్క్రూ కూడా కనిపించదు. చాలామంది ఇక్కడే ఓడిపోతారు.

నాలుగోది వెనక ఉంటుంది. స్టీరియో వీపున ఒక బోల్టు గానీ మేకు లాంటి కడ్డీ గానీ పొడుచుకుని, డ్యాష్‌బోర్డు లోపలి పట్టీలో కూర్చుంటుంది. క్యాసెట్, సీడీ యంత్రాలు బరువైనవి. ముందు మాత్రమే పట్టిస్తే గతుకుల రోడ్డు మీద వెనక భాగం ఊగి, పాట తెగిపోతుంది. అందుకే ఈ వెనక దన్ను. కొన్ని కార్లలో అది రబ్బరు తొడుగులోంచి జారి వచ్చేస్తుంది. కొన్నిటిలో నట్టు బిగించి ఉంటుంది. నట్టు ఉన్న సంగతి తెలియకుండా లాగినవాళ్లకి చివరికి చేతిలోకి వచ్చేది స్టీరియో ముఖం మాత్రమే.

మా కారుది మూడో రకం. వెనక దన్ను కూడా ఉంది గానీ అది జారిపోయేదే. అవి రెండూ వదిలాయి. అయినా రావడం లేదంటే ఐదో పట్టు ఏదో ఉండాలి.

పదిహేను కిలోల పాట

కారులో పాట వినాలన్న కోరిక ఎంత పాతదో, దాన్ని ఎక్కడ బిగించాలన్న చిక్కు కూడా అంతే పాతది. 1930లో అమెరికాలోని షికాగోలో పాల్ గాల్విన్ అనే వ్యాపారి తన స్టూడిబేకర్ కారులో రేడియో పెట్టించుకుని, రేడియో తయారీదారుల సభ జరుగుతున్న అట్లాంటిక్ సిటీకి నడుపుకుంటూ వెళ్లాడు. సభ బయట కారు ఆపి, వచ్చేపోయేవాళ్లకి వినిపించాడు. ఆ రేడియోకి ఆయన పెట్టిన పేరే మోటరోలా. తర్వాత అదే కంపెనీ పేరైంది. అప్పట్లో కారుకి రేడియో బిగించడమంటే పెద్ద శస్త్రచికిత్స. రేడియో ఒకచోట, స్పీకరు ఒకచోట, అదనపు బ్యాటరీలు నేల కింద. ఏరియల్ కోసం కారు పైకప్పుని కూడా విప్పాల్సి వచ్చేది. ఇంజన్ నిప్పురవ్వల వల్ల పుట్టే గరగర శబ్దాన్ని ఆపడానికి మళ్లీ వేరే పరికరాలు.

రెండేళ్ల తర్వాత, 1932లో, జర్మనీలో బ్లావ్‌పుంక్ట్ రేడియో వచ్చింది. యూరప్‌లో అదే తొలి కారు రేడియో. దాని బరువు సుమారు 15 కిలోలు. డ్రైవరు చేతికి అందే చోట పట్టదు కాబట్టి పెట్టెని వేరేచోట పెట్టి, మీటల్ని మాత్రం స్టీరింగ్ కడ్డీకి తగిలించారు. ఇవాళ స్టీరింగ్ మీద వేళ్లతో పాట మార్చుకునే సౌకర్యానికి ముత్తాత అది.

1955లో అమెరికాలో క్రైస్లర్, ఫిల్కో కలిసి వాల్వులు లేని, పూర్తిగా ట్రాన్సిస్టర్లతో నడిచే కారు రేడియోని తెచ్చాయి. పెట్టె చిన్నదైంది, బ్యాటరీ మీద భారం తగ్గింది. 1963లో ఫిలిప్స్ క్యాసెట్ పుట్టింది. ఐదేళ్లకి అది కారులోకి ఎక్కింది. 1984కల్లా కారు సీడీ ప్లేయర్లు వచ్చేశాయి.

ఈ తేదీల్ని పక్కపక్కన పెడితే ఒక సంగతి తెలుస్తుంది. కారు ఆయుష్షు పదిహేను, ఇరవై ఏళ్లు. చాలాసార్లు ఆ లోపే పాట వినే కొత్త పద్ధతి వచ్చేస్తుంది. చాలా కార్లు తమ జీవితంలో ఒక్కసారైనా స్టీరియో మార్చుకోవాల్సి వస్తుంది. మరి ప్రతి కంపెనీ తన ఇష్టం వచ్చిన కొలతలో గూడు చేస్తే మార్చుకునేది ఎలా?

దీనికి జర్మన్ ప్రమాణాల సంస్థ డిన్ 1984లో జవాబిచ్చింది. స్టీరియో ముఖం వెడల్పు 180 మిల్లీమీటర్లు, ఎత్తు 50 మిల్లీమీటర్లు. అంతే. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ కూడా అదే కొలతని తీసుకుంది. ఎత్తు రెట్టింపు చేసి 100 మిల్లీమీటర్లు ఉంచితే అది డబుల్ డిన్. షాపులో 'సింగిల్ డిన్ కావాలా, డబుల్ డిన్ కావాలా' అని అడిగినప్పుడు వాళ్లు తలుచుకుంటున్నది ఆ జర్మన్ సంస్థ పేరునే. గూటి కొలత తర్వాత వెనక తీగల్ని కలిపే కప్లర్లకి కూడా అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది. కరెంటుకి ఒక కప్లరు, స్పీకర్లకి ఒక కప్లరు, ఏ కాలు దేనికో ముందే నిర్ణయించారు.

నాకు ఆ రెండు అంకెలు, 180, 50, ఎంతో గౌరవించదగ్గవిగా కనిపిస్తాయి. ఒక దేశంలో తయారైన కారులో ఇంకో దేశంలో తయారైన పాటపెట్టె కూర్చోవచ్చు. ఇవాళ కొన్నవాడికి నచ్చనిది రేపు ఇంకొకటి తెచ్చుకోవచ్చు. ముందే ఎవరో కూర్చుని, పదేళ్ల తర్వాత దీన్ని విప్పబోయే ముక్కూమొహం తెలియని మనిషి గురించి ఆలోచించారన్నమాట.

దొంగ కోసం వేసిన తాళం

అంత తేలిగ్గా విప్పేందుకు వీలున్నదాన్ని దొంగ కూడా తేలిగ్గానే విప్పుతాడు. 1980ల్లో, 90ల్లో స్టీరియో దొంగతనాలు ప్రపంచమంతటా కారు యజమానుల్ని ఏడిపించాయి. అద్దం పగలగొట్టడం, పుల్లలు దించడం, లాక్కుపోవడం. అంతా రెండు నిమిషాల పని. ఏ కారులోది తీసినా ఇంకే కారులోనైనా పడుతుంది కాబట్టి దొంగసరుక్కి గిరాకీ కూడా ఎక్కువే.

దానికి విరుగుడుగా ముందు పెట్టె మొత్తాన్ని పిడి పట్టుకుని బయటికి తీసుకుపోయే స్టీరియోలు వచ్చాయి. తర్వాత ముఖం మాత్రం ఊడదీసి జేబులో వేసుకునేవి వచ్చాయి. ఆ తర్వాత రహస్య అంకెలు వచ్చాయి. బ్యాటరీ తీగ తీస్తే చాలు, మళ్లీ అంకెలు చెబితే గానీ పాడదు. తప్పు అంకెలు నాలుగైదుసార్లు కొడితే కొంతసేపు తలుపు మూసుకుంటుంది. ఇప్పటికీ కొన్ని కార్లలో ఈ ఏర్పాటు ఉంది. అందుకే బ్యాటరీ విప్పే ముందు కారు పుస్తకాల సంచిలో ఆ అంకెలున్న కార్డు ఉందో లేదో చూసుకోవాలి.

చివరికి కంపెనీలు ఇంకో దారి పట్టాయి. స్టీరియో ముఖాన్ని ఆ కారు డ్యాష్‌బోర్డు వంపులకే పోత పోశాయి. దొంగిలించినా ఇంకో కారులో పట్టదు. దొంగల బెడద తగ్గడానికి అదీ ఒక కారణమే. కానీ ఆ తాళం దొంగతో పాటు యజమానికీ పడింది. చదరపు గూటికి బదులు వంకర గూడు ఉన్నప్పుడు కొత్త స్టీరియో పెట్టాలంటే ఆ కారు కోసమే చేసిన ఫ్రేము కొనాలి. ఆ కారు వైరింగుకి సరిపడే కప్లరు వెతకాలి.

ఖాళీ గూడు రోజులు

మన ఊళ్లలో ఈ కథ ఇంకోలా నడిచింది. రేడియో సెట్టుకి పోస్టాఫీసులో లైసెన్సు రుసుము కట్టే రోజులు 1980ల మధ్య దాకా ఉన్నాయి. అంబాసిడర్, పద్మిని కార్లలో రేడియో ఉందంటే అది ఇంటి హోదా. ఆ పాత రేడియోలు విప్పడం ఎంతో సులువు. రెండు గుండ్రటి మీటలు లాగేస్తే, వాటి వెనక రెండు నట్లు, వెనక ఒక పట్టీ. ఒక పానాతో పని అయిపోయేది.

1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది. మధ్యతరగతి ఇంటికి కారు రావడం మొదలైంది. చాలామంది కొన్న మామూలు రకం కార్లలో స్టీరియో ఉండేది కాదు. డ్యాష్‌బోర్డులో దానికోసం ఒక ఖాళీ గూడు, దాని మీద ప్లాస్టిక్ మూత మాత్రం ఉండేవి. కారు ఇంటికొచ్చాక మొదటి ఆదివారం ఆ గూటిని నింపడం ఒక వేడుక. హైదరాబాద్‌లో కోఠి గుజరాతీ గల్లీకి, విజయవాడలో అయితే కార్ డెకార్స్ షాపులకి ఇంటిల్లిపాదీ కలిసి వెళ్లేవాళ్లు. క్యాసెట్ స్టీరియో ఎంచుకుని, వెనక అద్దం కింద పెద్ద కోలస్పీకర్లు పెట్టించుకుని, మొదటి పాట దేవుడిది వేయించి, ఇంటికి తిరిగొచ్చేవాళ్లు. ఆ పాట పల్లెకి పోయే దారిలో వేపచెట్టు కింద ఆగినప్పుడు కూడా మోగుతూనే ఉండేది.

ఆ ఖాళీ గూడు పేదరికానికి గుర్తుగా అనిపించి ఉండవచ్చు. ఇప్పుడు వెనక్కి చూస్తే అందులో ఒక స్వేచ్ఛ కనిపిస్తుంది. ఏది పెట్టుకోవాలో, ఎంతలో పెట్టుకోవాలో, ఎప్పుడు మార్చుకోవాలో నిర్ణయం ఇంటివాళ్లది.

ఆ వేడుకకి ఒక చెడ్డ వైపు కూడా ఉంది. తొందరలో బిగించిన చేతులు చాలాచోట్ల కంపెనీ కప్లర్లని కోసేసి, తీగకి తీగ మెలిపెట్టి, మీద ఇన్సులేషన్ టేపు చుట్టేశాయి. మన ఎండకి ఆ టేపు జిగురు కరిగి జారిపోతుంది. తీగలు ఒకదానికొకటి తగులుతాయి. అదృష్టం బాగుంటే ఫ్యూజు పోతుంది. బాగోకపోతే డ్యాష్‌బోర్డులోంచి పొగ వస్తుంది. ఆనాటి ఆ తొందర పనిని ఈనాటికీ ఇంకొకరు విప్పుకుంటూనే ఉన్నారు.

ఐదో పట్టు

బాబాయి కారు చుట్టూ తిరిగి ఎడమ పక్కకి వెళ్లాడు. గ్లవ్ బాక్సులో ఉన్న కాగితాలన్నీ నా చేతికిచ్చి, దాని రెండు పక్కల గోడల్నీ లోపలికి నొక్కాడు. అది మొత్తం కిందికి వాలిపోయింది. వెనక పెద్ద చీకటి గూడు తెరుచుకుంది. అద్దం ముక్క, చిన్న టార్చి తీసుకుని చూశాడు. తర్వాత టార్చి ఆర్పేశాడు. కుడి చెయ్యి మోచేతి దాకా లోపలికి పోనిచ్చి, కళ్లు మూసుకున్నాడు.

పీటముడి పడ్డ తాడుని మా తాతయ్య విప్పడం నాకు గుర్తొచ్చింది. లాగేవాడు కాదు, లాగితే ఇంకా బిగుస్తుంది. వేళ్లతో తడుముతూ ఏ పోగు ఏ పోగు మీదుగా పోయిందో తెలుసుకునేవాడు. తెలిశాక ఒక పోగుని కొంచెం లోపలికి తోసేవాడు. ముడి వదిలేది. ఒడుపు అంటే అదే.

"దొరికింది," అన్నాడు బాబాయి. "ఎవరో ట్యాగ్ వేశారు."

కొన్నేళ్ల కిందట రివర్స్ సెన్సార్ పెట్టించాం. ఎక్కడ పెట్టించామో కూడా ఇప్పుడు జ్ఞాపకం లేదు. ఆ తీగలు వేలాడకుండా ఉండాలని బిగించినవాళ్లు వాటిని కంపెనీ వైర్ల మోపుతో కలిపి, స్టీరియో కుడి పట్టీకి ప్లాస్టిక్ ట్యాగ్‌తో కట్టేశారు. చూడ్డానికి శుభ్రమైన పనే. గలగలమనకుండా ఉంటుంది. కానీ ఈ పెట్టెని రేపు ఎవరైనా బయటికి తీస్తారన్న తలంపు మాత్రం ఆ ముడిలో లేదు. నేను గట్టిగా లాగి ఉంటే తెగేది ట్యాగ్ కాదు, పట్టీ అంచున కోసుకుపోయే వైర్ల మోపు.

బాబాయి చిన్న కటింగ్ ప్లయర్ లోపలికి పోనిచ్చాడు. 'టిక్' మని ఒక చప్పుడు. మళ్లీ ముందుకొచ్చి రెండు వేళ్లతో పట్టుకోగానే స్టీరియో జారి వచ్చింది, ఇంతసేపు మొండికేసింది ఇదేనా అన్నంత మెత్తగా.

వెనక ఏరియల్ జాక్‌ని పట్టుకుని, తీగని కాకుండా దాని లోహపు మెడని పట్టుకుని, తీశాడు. కప్లర్ల నాలుకని బొటనవేలితో నొక్కి ఊడదీశాడు. ప్యానెల్ క్లిప్పుల్లో ఒక్కటి కూడా విరగలేదు. దానికి కారణం కూడా చెప్పాడు. ప్లాస్టిక్ పాతబడ్డాక పెళుసెక్కుతుంది. చలికాలం పొద్దునే విప్పితే విరుగుతుంది. కాస్త వెచ్చగా ఉన్నప్పుడు వంగుతుంది. స్క్రూడ్రైవరు మొన పెట్టి లేపితే అంచు చెక్కుకుపోతుంది కాబట్టి నైలాన్ చీలికలతోనే లేపాలి. ఎక్కడ లేపుతున్నామో అక్కడ ముందే కాగితం టేపు అంటించాలి. ఒకే చోట బలం పెట్టకుండా చుట్టూ తిరుగుతూ కొద్దికొద్దిగా వదులు చేయాలి.

రంగుల భాష

కొత్త స్టీరియో వెనక తీగల గుత్తిని చూస్తే మొదట భయమేస్తుంది. బయట కొనే స్టీరియోల్లో చాలావరకు ఒకే రంగుల భాష పాటిస్తాయి. పసుపు తీగకి బ్యాటరీ నుంచి ఎప్పుడూ 12 వోల్టులు రావాలి. స్టేషన్లు, సెట్టింగులు గుర్తుండేది దాని వల్లే. ఎరుపు తీగకి తాళం తిప్పినప్పుడు మాత్రమే కరెంటు రావాలి. నలుపు ఎర్త్. తెలుపు ముందు ఎడమ స్పీకరుకి, బూడిద రంగు ముందు కుడికి, ఆకుపచ్చ వెనక ఎడమకి, ఊదా వెనక కుడికి. వాటి పక్కనే నల్ల గీత ఉన్న అదే రంగు తీగ ఆ స్పీకరు రెండో కొస.

ఎరుపు, పసుపు రెండింటినీ కలిపి ఎప్పుడూ కరెంటు వచ్చే చోటే పెట్టేవాళ్లున్నారు. స్టీరియో పాడుతుంది. వారం రోజులు కారు కదలకపోతే బ్యాటరీ దిగిపోతుంది. తారుమారు చేస్తే తాళం తీసిన ప్రతిసారీ స్టేషన్లు మరిచిపోతుంది. కొన్ని యూరప్ కార్ల కప్లర్లలో ఈ రెండింటి స్థానాలు ప్రమాణానికి తిరగబడి ఉంటాయి కూడా. అందుకే రంగుని నమ్మి ఊరుకోకూడదు. మల్టీమీటరు పెట్టి, తాళం తిప్పి, తిప్పకుండా రెండుసార్లు చూడాలి.

ఇంకొక పొరపాటు ఖరీదైనది. స్పీకరు మైనస్ తీగ కదా అని దాన్ని బాడీకి ఎర్త్ చేయడం. ఈనాటి స్టీరియోల్లో యాంప్లిఫయరు స్పీకరు రెండు కొసల్నీ నడిపిస్తుంది. ఒక కొసని బాడీకి తగిలిస్తే లోపలి చిప్ కాలిపోయే ప్రమాదం ఉంది. డబ్బా మీద '50 వాట్లు × 4' అని ఉండే అంకెని చూసి కూడా ఆశపడక్కర్లేదు. కారు నడుస్తున్నప్పుడు దొరికే 14 వోల్టుల చిల్లర నుంచి, నాలుగు ఓముల స్పీకరుకి లోపలి చిప్ నిలకడగా ఇవ్వగలిగింది సుమారు 20 వాట్లే. ఇంట్లోవాళ్లు వినడానికి అది చాలు.

పెట్టె పోయి తెర వచ్చాక

ఇవాళ చాలా కొత్త కార్లలో స్టీరియో అనే విడి వస్తువే కనిపించదు. పెద్ద తెర ఉంటుంది. ఏసీ చలి, వెనక కెమెరా, టైర్ల గాలి, తలుపుల సెట్టింగులు అన్నీ అందులోనే. ఈ భాగాలన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పద్ధతి క్యాన్ బస్. బాష్ కంపెనీ దాన్ని 1986లో లోకానికి చూపించింది. ఒక్కో పనికి ఒక్కో తీగ లాగే బదులు రెండు తీగల మీద అందరూ వంతులవారీగా సందేశాలు పంపుకుంటారు. కారుకి దాని వల్ల బరువు తగ్గింది, భద్రత పెరిగింది. అది నిజమైన మేలు.

అయితే తాళం తిప్పిన సంగతి కూడా తీగ మీద కరెంటుగా కాకుండా సందేశంగా వచ్చే కారులో ఎరుపు తీగ ఎక్కడ కలపాలి? ఆ భాష తెలిసిన అడాప్టరు మధ్యలో ఉండాలి. అది దొరికితేనే స్టీరింగ్ మీటలు, కెమెరా పనిచేస్తాయి. దొరకని కార్లలో తెర పాడైతే పాటతో పాటు ఏసీ మీటలూ పోయినట్టే. తెర ఒక్కటే ముదుసలి అయినందుకు, ఇంకా పదేళ్లు పరిగెత్తగల కారు పాతదైపోతుంది.

ఇది కేవలం స్టీరియో గొడవ కాదని ప్రభుత్వాలు కూడా గుర్తించాయి. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్ర ప్రజలు 2012లో ఓటు వేసి, కార్ల రిపేరుకి కావలసిన సమాచారం బయటి మెకానిక్‌లకి కూడా ఇవ్వాలన్న చట్టాన్ని గెలిపించారు. మన దేశంలో 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకి కలిపి 2,500 కోట్ల రూపాయలకి పైగా జరిమానా వేసింది. విడిభాగాల్ని, లోపాలు కనిపెట్టే పరికరాల్ని బయటి మెకానిక్‌లకి దొరకనివ్వడం లేదన్నది అభియోగం. కంపెనీలు అప్పీళ్లకి వెళ్లాయి. 2022 జులైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 'రైట్ టు రిపేర్' మీద కమిటీ వేసింది. ఆ డిసెంబరులో దానికోసం పోర్టల్ తెరిచింది. వ్యవసాయ పరికరాలు, మొబైళ్లు, ఇంటి సామగ్రితో పాటు వాహనాల రంగాన్నీ అందులో చేర్చింది.

నా కోరిక ఇంకా చిన్నది. ప్రతి కారు పుస్తకంలో టైరు మార్చడం బొమ్మలతో ఉన్నట్టే, స్టీరియో విప్పే పద్ధతి కూడా ఒక పేజీ ఉండాలి. ఎక్కడ క్లిప్పు ఉందో, ఎక్కడ స్క్రూ ఉందో చెబితే చాలు. డబ్బు పెట్టి కొన్న వస్తువు లోపల ఏముందో యజమానికి చెప్పడం దయ కాదు, బాధ్యత.

విప్పే ముందు ఇవి చూసుకోండి

• రహస్య అంకెల కార్డు ఉందో లేదో చూశాకే బ్యాటరీ జోలికి వెళ్లండి. 10 నంబరు పానాతో మైనస్ తీగ ముందు తీయండి.

• ఎయిర్‌బ్యాగ్ ఉన్న కారులో బ్యాటరీ తీశాక కొన్ని నిమిషాలు ఆగండి. డ్యాష్‌బోర్డులో కనిపించే పసుపు రంగు కప్లర్లు సాధారణంగా ఎయిర్‌బ్యాగువి. వాటిని ముట్టుకోవద్దు.

• ప్రతి దశలో ఫోనుతో ఫొటో తీసుకోండి. స్క్రూల్ని ఏ చోటివి ఆ చోటికి విడిగా కాగితం మీద అంటించండి.

• కంపెనీ కప్లరుని కోయనివ్వద్దు. మీ కారుకి సరిపడే కప్లరు కిట్ అడిగి కొనండి. వారంటీ ఉన్న కారులో వైరు కోస్తే ఎలక్ట్రికల్ వారంటీ పోవచ్చు.

• మెలిపెట్టి టేపు చుట్టడం వద్దు. సోల్డరింగ్ చేసి హీట్ ష్రింక్ గొట్టం తొడగమనండి, లేదా క్రింప్ కనెక్టర్లు వాడమనండి.

• ఇంట్లో పెద్దవాళ్లు ఆకాశవాణి వింటారా? కొత్త సెట్టులో ఏఎం ఉందో లేదో కొనేముందే అడగండి. ఎఫ్ఎం మాత్రమే ఉన్నవి ఎక్కువయ్యాయి.

• అన్నీ మూసే ముందు ప్రతి స్పీకరు, ఏసీ మీటలు, ప్రమాద దీపాలు, రివర్స్ సెన్సార్ ఒక్కసారి నడిపి చూడండి.

చీకట్లో ఒక చిరునామా

పాత స్టీరియోని బల్ల మీద పెట్టి, పైమూత స్క్రూలు విప్పాడు బాబాయి. సీడీ కనిపించింది. దాని మీద మామయ్య అంటించిన కాగితం ఎండకి ఒక అంచున లేచి, లోపలికి లాక్కునే రబ్బరు రోలరుకి అతుక్కుపోయింది. కాగితం అంటించిన సీడీలు కారు స్టీరియోల్లో ఇలాగే చిక్కుకుంటాయట. తడిగుడ్డతో ఆ అంచుని నానబెట్టి, పావుగంట ఆగి, రోలరుని వేలితో వెనక్కి తిప్పాడు. సీడీ బయటికొచ్చింది. ఒక సన్నని గీత ఉంది గానీ పగలలేదు. పక్క షాపులో కంప్యూటరు ఉంటే అప్పటికప్పుడే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాం. టేపులోంచి సీడీకి, సీడీలోంచి పెన్‌డ్రైవ్‌కి అమ్మమ్మ గొంతు మూడో ఇంటికి మారింది. ఎక్కడికక్కడ ఎవరో ఒకరు తెరవగలిగారు కాబట్టే మారగలిగింది.

కొత్త స్టీరియో బిగించడం గంటలో అయిపోయింది. కానీ బాబాయి మూత పెట్టలేదు. వైర్ల మోపుని జానెడు వదులుగా వెనక్కి మడిచాడు. రివర్స్ సెన్సార్ తీగల్ని ఈసారి స్టీరియో పట్టీకి కట్టకుండా, పక్కన డ్యాష్‌బోర్డు చట్రానికి వేరే కట్టాడు. తర్వాత కాగితం టేపు చింపి, చెవి మీద పెట్టుకున్న మార్కర్ తీసి, ఒక్కొక్క తీగకీ చీటీ అంటించాడు. ముందు కుడి. వెనక ఎడమ. సెన్సార్. చివరి చీటీ మీద ఆ రోజు తేదీ రాశాడు.

"ఇవన్నీ ఎవరికి బాబాయ్? మూశాక కనపడవుగా," అన్నాను.

"మళ్లీ ఎవరో ఒకరు విప్పుతారుగా బాబూ," అని ప్యానెల్ అందుకున్నాడు. క్లిప్పులు ఒక్కొక్కటే తమ తమ చోట కూర్చున్నాయి. చీటీలున్న చోట చీకటి పడింది.